తాజ్‌మహల్ కాళ్ళకి నీళ్ళు

పొద్దున్నే భూలక్ష్మి కళ్ళాపి జల్లి ముగ్గేసే వేళకి గేటు ముందు నుంచి జనం వెళ్తుంటారు. పాల కేంద్రానికి పోయేవాళ్ళు, రేవు నుంచి చేపల తట్టలతో వచ్చేవాళ్ళు, బడికి పోయే పిల్లలు. ఎవరు కనబడినా ఆవిడ ముగ్గు చిప్ప చేత్తో పట్టుకునే పలకరిస్తుంది. పలకరింపు ఎటెటు తిరిగినా చివరికి ఒక్క చోటికే వస్తుంది. "ఓసారి ఇంటికి రండి." గ్యాసు బండ తెచ్చినవాడికీ అదే మాట, కరెంటు మీటరు చూసుకుపోయే మనిషికీ అదే మాట. చాలామంది ఆ మాటని మర్యాదగా అందుకుని మర్యాదగా మర్చిపోతారు. ఆవిడ మాత్రం మనస్ఫూర్తిగానే అంటుంది. ఎందుకైనా మంచిదని రోజూ ఎసట్లో నాలుగు గుప్పెళ్ళ బియ్యం ఎక్కువే పోస్తుంది.

వాళ్ళిల్లు ముక్తేశ్వరం రేవుకి కూతవేటు దూరంలో. ముందు వరిచేను, వెనక కొబ్బరితోట. భర్త బుచ్చిరాజు మంచివాడే గాని, బస్సు పడదు. ఎక్కడం దాకా ఎందుకు, బస్సు పొగ తగిలితేనే కడుపులో తిప్పేస్తుంది. పెళ్ళయిన మర్నాడు రాజోలు నుంచి వ్యానులో వస్తూ కొత్త బావమరిది ఒళ్ళో ఆయన చేసిన నిర్వాకం తల్చుకుని ఆ వైపు చుట్టాలు ఇప్పటికీ నవ్వుకుంటారు. ఆనాటి నుంచీ ఆయనకి సైకిలే గతి. కూతురు రేవతికి సంబంధం చూడ్డానికి మండపేట కూడా సైకిలు తొక్కుకుంటూనే వెళ్ళొచ్చాడు. ఎవరైనా ప్రయాణాల మాటెత్తితే, "కోనసీమ దాటితే ఏముందండీ, అంతా దుమ్మే" అనేసి గేదె దగ్గరికి వెళ్ళిపోతాడు.

భూలక్ష్మికేమో దేశమంతా చూడాలని ఉండేది. షాపులవాళ్ళిచ్చే క్యాలెండర్లలో కోటలూ గోపురాలూ ఉన్న కాగితాలు ఏడాది గడిచినా పారేసేది కాదు. పక్కింటి రాహేలు టీచరు, ఆవిడ భర్త వరప్రసాదం ఎల్‌టీసీ మీద స్పెషల్ బస్సులో ఉత్తరాది యాత్రకి వెళ్తూ, "మీరూ రండి భూలక్ష్మిగారూ, తోడుగా ఉంటుంది" అన్నారు. అది తొంభై ఎనిమిదో సంవత్సరం, మాఘమాసం. బుచ్చిరాజే ముందుకి తోశాడు. "వెళ్ళిరావే. గేదెని నేను చూసుకుంటాను."

వెళ్ళింది. హంపీ, బీజాపూరు, ఆగ్రా, ఢిల్లీ అన్నీ చూసింది. అందరూ ఫోటోలు దిగి, వంటవాడు కలిపిన పులిహోర తిని, కండక్టరు ఈల వెయ్యగానే పరిగెత్తేవాళ్ళు. భూలక్ష్మి మాత్రం చివరిదాకా ఆగి, కుతుబ్ మినార్ వైపు తిరిగి రెండు చేతులూ జోడించింది.

"వెళ్ళొస్తామండీ. మీరూ ఓసారి మా వైపు రండి. ముక్తేశ్వరం రేవు దిగి బుచ్చిరాజుగారిల్లంటే ఎవరైనా చెప్తారు."

రాహేలు టీచరు పడీపడీ నవ్వింది. "రాతితో కూడా మర్యాదలేనా అండీ?"

"ఇంతసేపు వాళ్ళింట్లో తిరిగేం. ఓ మాటైనా అనకుండా ఎలా వెళ్ళిపోతామండీ!"

ప్రతిచోటా అదే తంతు. అయితే తాజ్‌మహల్ దగ్గర మాత్రం మాట మారింది. రాహేలు, వరప్రసాదం పాలరాతి బల్ల మీద పక్కపక్కన కూర్చుని ఫోటో తీయించుకుంటున్నారు. భూలక్ష్మి వాళ్ళ చెప్పులకి కాపలా ఉంది. ఎదురుగా అంత అందం ఉంది, 'చూడండీ' అనడానికి పక్కన మనిషి లేడు. సగమే చూసినట్టనిపించింది. ఆయన పక్కన నిలబడి ఒక్కటైనా చూడాలి, అంతకుమించి ఇంకేం వద్దు అనుకుంది. ఆ తర్వాత కళ్ళొత్తుకుని, "మా ఆయన రాలేరండీ. మీరే ఓసారి రండి" అంది.

ఇంటికొచ్చి అవన్నీ చెప్పబోతే బుచ్చిరాజు ఊ కొడుతూనే అటు తిరిగి పడుకున్నాడు. ఈయనకివేవీ పట్టవు అనుకుని ఆవిడ కూడా ఊరుకుంది.

ఉగాది వెళ్ళాక ఓ ఉదయం సత్తిబాబు కొబ్బరికాయల దింపుకి వచ్చాడు. కాళ్ళకి బంధం వేసుకుని ఒక్కో చెట్టే ఎక్కి దిగుతూ, తోట చివరికి వెళ్ళి అక్కడున్నది కూడా ఎక్కబోయాడు. రెండు బారలు పాకి ఆగిపోయాడు.

"రాజుగారండీ! ఇది కాయ కాసేది కాదండి."

బుచ్చిరాజు వెళ్ళి చూశాడు. ఎర్రగా, నిలువునా చారలతో, కొబ్బరి మొవ్వులన్నిటినీ దాటి ఎంతో ఎత్తుకి ఉంది. ఇంట్లోకి కేకేశాడు. "ఎవరో వచ్చినట్టున్నారు, చూడవే."

భూలక్ష్మి చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది. "అయ్యో, కుతుబ్ మినార్‌గారండీ! ఢిల్లీ నుంచి. నేనే రమ్మన్నాను. అలా చూస్తూ నిలబడతారేంటి, కాళ్ళకి నీళ్ళివ్వండి."

బుచ్చిరాజు బకెట్టు తెచ్చి మొదట్లో నీళ్ళు పోశాడు. పనసపొట్టు కూర వండి, అరిటాకు వేసి వడ్డించారు. మళ్ళీ వచ్చి చూసేసరికి ఆకు ఖాళీ, ఓ పక్కకి తీసిపెట్టిన పచ్చిమిరపకాయలు తప్ప.

"పైవాళ్ళు కదా, కారం తినరు. నీకు తెలీదా?" అని బుచ్చిరాజు పెళ్ళాన్ని కేకలేశాడు. ఆయనకి ప్రయాణాలు గిట్టవు గాని, ఇంటికొచ్చినవాళ్ళకి మర్యాదలో లోటు జరిగితే మాత్రం ఊరుకోడు. సాయంత్రం తాంబూలం పుచ్చుకుని కుతుబ్ మినార్ వెళ్ళిపోయింది. నిలబడినచోట మట్టి అణిగిపోతే అక్కడో కంద మొక్క పాతారు.

రెండో పంట దాళ్వా కోతలయ్యాక తాజ్‌మహల్ వచ్చింది. కోటిపల్లి రేవులో లారీలని దాటించే పంటు ఎక్కి వచ్చింది. "మధ్యకి జరగండి, ఓ పక్కకి ఒరుగుతోంది" అని పంటు నడిపే సరంగు చెప్తే వినయంగా మధ్యకి జరిగిందట. ముక్తేశ్వరంలో దిగి బుచ్చిరాజుగారిల్లెక్కడని ఎలా అడిగిందో గాని, దారి తప్పకుండా వచ్చి కోసిన చేలో ఆగింది. ఊరి ఆడవాళ్ళందరికీ ఒకటే బెంగ, అంత తెల్లటి రాయికి మన నల్లమట్టి అంటుకుంటుందేమోనని. గడ్డి పరిచారు, గోనెసంచులు పరిచారు. బుచ్చిరాజుకి ఆ రోజు ఊపిరి సలపలేదు. బోరు నీళ్ళు గొట్టంతో కాళ్ళకి పెట్టాడు, మజ్జిగ తెప్పించాడు, గుమ్మటాల మీద కాకులు వాలకుండా డబ్బా వాయిస్తూ చుట్టూ తిరిగాడు. వచ్చినవాళ్ళందరికీ కుర్చీలు వేశాడు. భూలక్ష్మి రెండుసార్లు పిలిచింది, "ఏవండీ, ఓసారిలా వచ్చి నా పక్కన నిలబడి చూడండీ" అని. "వస్తున్నానుండవే, విస్తళ్ళు చాలవు" అంటూనే ఉన్నాడు. పొద్దు వాలేసరికి తాజ్‌మహల్ వెళ్ళిపోయింది.

ఆ రాత్రి భూలక్ష్మి అన్నం ముట్టుకోలేదు. ఆగ్రా తనంతట తాను నడిచి గుమ్మంలోకొచ్చినా ఆయన పక్కన నిలబడి చూసే యోగం లేదు తనకి.

తొలకరి పడ్డాక గోల్ గుంబజ్ వచ్చి కాలవగట్టు మీద కూర్చుంది. లోపల చల్లగా ఉందని బుచ్చిరాజు మధ్యాహ్నం అందులోకి వెళ్ళాడు. మెట్లెక్కి, గుమ్మటం అంచున గుండ్రంగా ఉన్న నడవాలో ఒక్కడూ కూర్చున్నాడు. ఎవరూ లేరని నమ్మకం కుదిరాక గోడకి నోరు దగ్గర పెట్టాడు.

"మీకేమండీ, ఎక్కడికంటే అక్కడికి వెళ్తారు. నాకు మాత్రం చూడాలని ఉండదా? దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని దేశమంతా తిరగాలనుందండి. బస్సెక్కితే నా బతుకు నవ్వులపాలు. అది ఊళ్ళ కబుర్లు చెప్తుంటే వినలేక అటు తిరిగి పడుకున్నాను."

గోల్ గుంబజ్‌లో అన్న మాట అన్నచోట ఉండదు. అది గోడ వెంబడి పాక్కుంటూ అటువైపుకి వెళ్ళింది. అక్కడ భూలక్ష్మి ఆయన కోసం మజ్జిగ చెంబుతో మెట్లెక్కి వచ్చి ఆయాసం తీర్చుకుంటోంది. 'దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని' అన్న మాట ఆవిడ చెవి దగ్గరికొచ్చి మళ్ళీ మళ్ళీ వినబడింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆ మాట ఆయన నోట ఒక్కసారైనా విన్నది లేదు. ఆవిడకి ఏడుపూ సంతోషం ఒక్కసారే వచ్చాయి. మజ్జిగ అక్కడే పెట్టి, గాజులు చప్పుడవకుండా దిగి వెళ్ళిపోయింది.

గుంబజ్ వెళ్ళిన మర్నాడు రాహేలు టీచరు గోడ మీంచి తొంగి చూస్తూ అంది. "ఎప్పుడూ వాళ్ళే వస్తున్నారండీ. మీరొక్కసారైనా వెళ్ళకపోతే ఏం బాగుంటుందండీ రాజుగారూ?"

అది సూటిగా తగలాల్సినచోట తగిలింది. ఇంటికొచ్చిన చుట్టాలింటికి తిరిగి వెళ్ళలేదంటే ఎంత అప్రతిష్ఠ! బుచ్చిరాజు ఆ రోజంతా పరధ్యానంగా ఉండి, రాత్రి అన్నం తింటూ, "టీచరుగారన్నది నిజమేనే. వెళ్ళాలి" అన్నాడు. భూలక్ష్మి చేతిలో గరిటె ఆగిపోయింది.

మర్నాడే ఇస్త్రీ చొక్కా వేసుకుని, చేతిలో నిమ్మకాయ పట్టుకుని, పెళ్ళాంతో ముక్తేశ్వరం సెంటర్లో బస్సెక్కాడు. కిటికీ పక్కన కూర్చున్నాడు, కళ్ళు మూసుకున్నాడు, దేవుళ్ళందరినీ తల్చుకున్నాడు. అయినవిల్లి రాకముందే బస్సు ఆపించాల్సి వచ్చింది. కక్కుకున్న చొక్కా కడుక్కుని, కాలవ గట్టున కూర్చుని, "నన్నొదిలేసి నువ్వెళ్ళవే" అన్నాడు. ఆయన కళ్ళలో నీళ్ళు చూసి భూలక్ష్మి కొంగుతో మొహం తుడిచింది.

"మీరు లేకుండా ఓసారి చూశానండీ. చాలు. ఇంక నేనెక్కడికీ వెళ్ళను" అంది. ఇద్దరూ నడుచుకుంటూ ఇంటికొచ్చేశారు.

వారం తిరక్కుండా హంపీ రాతిరథం వచ్చింది. ముందు రెండు బుజ్జి రాతి ఏనుగులు, వెనక చెక్కుడు చక్రాలు. భూలక్ష్మి చక్రాలకి నీళ్ళు పోసింది. ఏనుగులకి చక్కెరకేళీ గెల వేస్తే తొక్కలతో సహా తినేశాయి. రథానికి ఆకు వేసి వడ్డించారు, తాంబూలం ఇచ్చారు. గేటు దాకా సాగనంపి, "వెళ్ళిరండి" అన్నారు.

రథం కదల్లేదు.

"ఏమన్నా మర్చిపోయేరేమో" అని భూలక్ష్మి వెతికింది. బుచ్చిరాజు ఇంకో తాంబూలం పెట్టాడు. అయినా కదల్లేదు. ఓ ఏనుగు తలతిప్పి బుచ్చిరాజు వైపే చూస్తోంది. గోడ అవతల నుంచి వరప్రసాదం నెమ్మదిగా అన్నాడు.

"ఎక్కమంటోందండీ."

"మేమా?"

"ఆయ్. మీరే. గేదె సంగతి నేను చూస్తాన్లెండి."

భూలక్ష్మి పది నిమిషాల్లో రెండు చీరలు, ఆవకాయ జాడీ, కొబ్బరి ఉండల డబ్బా సర్దేసింది. బుచ్చిరాజు గుండె చిక్కబట్టుకుని ఎక్కాడు. నిమ్మకాయ ముక్కు దగ్గరే ఉంది. రథం కదిలింది. పొగ లేదు, పెట్రోలు వాసన లేదు. ఏనుగులు చేలగట్ల వెంట తాపీగా నడుస్తున్నాయి. పక్కనే ఆవిడ. రావులపాలెం వంతెన మీద కింద గోదారిని చూపిస్తూ, "అబ్బ, పైనుంచి చూస్తే ఎంత వెడల్పే!" అన్నాడు. అప్పటికే నిమ్మకాయ ఎక్కడ జారిపోయిందో ఆయనకి తెలీదు.

రథం వాళ్ళని హంపీలో దించేసి ఊరుకోలేదు. చుట్టాన్ని గుమ్మం దాకా దించడం దానికీ తెలుసు. బీజాపూరులో గోల్ గుంబజ్ ఇంట ఓ పూట ఉన్నారు. దారిపొడుగునా ఆయన కనబడిన ప్రతి కొండనీ, కోటనీ అదేంటని అడుగుతూనే ఉన్నాడు, ఆవిడ తెలిసినా తెలియకపోయినా చెప్తూనే ఉంది. ఆయన అంత మాటకారి అని ఆవిడకీ అప్పుడే తెలిసింది.

ఆగ్రాలో దిగేసరికి తెల్లారింది. జనం ఇంకా పలచగానే ఉన్నారు. కొబ్బరి ఉండల డబ్బా మెట్టు మీద పెట్టి, బుచ్చిరాజు తలెత్తాడు. అలా ఎంతసేపు ఉండిపోయాడో! భూలక్ష్మి పక్కనే నిలబడి ఉంది. ఒళ్ళంతా తేలికైపోయి, ఇంత సంతోషాన్ని ఎక్కడ దాచుకోవాలో తెలియక ఊరికే కొంగు ముడి వేస్తూ విప్పుతూ ఉంది.

"మనింటికొచ్చినప్పుడు కూడా ఇలాగే ఉందా ఇది?" అన్నాడు బుచ్చిరాజు.

"ఇలాగే ఉందండీ."

"మరి నేను చూళ్ళేదేమే? నీళ్ళనీ, మజ్జిగనీ, కాకులనీ తిరిగేను. రోజంతా ఇంటి ముందున్నా తేరిపార చూడనే లేదు."

అని, ఏదో తట్టినట్టు ఆవిడ వైపు తిరిగాడు. ఎండ అప్పుడే మొహం మీద పడుతోంది. చెంపల దగ్గర నెరిసిన వెంట్రుకలు, చెవి కింద చిన్న పుట్టుమచ్చ, ప్రయాణంలో చెదిరిన బొట్టు. ఇన్నేళ్ళుగా తన ఇంట్లోనే, తన ఎదురుగానే తిరుగుతున్న మనిషిని ఆయన కళ్ళార్పకుండా చూస్తూ ఉండిపోయాడు.

భూలక్ష్మికి సిగ్గు ముంచుకొచ్చింది. "ఏంటండీ అలా చూస్తారు? తాజ్‌మహల్ అటుంది."

"అదేముందే, కావాలంటే మళ్ళీ మనూరొస్తుంది" అన్నాడు బుచ్చిరాజు. "నువ్వు కాస్త కదలకుండా నిలబడు."