నడుస్తోంది, ముట్టుకోవద్దు

నాకు అన్నిటికన్నా భయం, మా పిల్ల నిద్రలో ఊపిరి తీసుకోవడం ఆపేస్తుందేమోనని. ఏడు నెలల పిల్ల. గంటకోసారి వెళ్ళి దాని ముక్కు కింద వేలు పెట్టి చూస్తాను. మా ఆయన నవ్వేవాడు. "దానికేం కాదు గానీ, నీ వేలికే జలుబు చేస్తుంది" అనేవాడు.

ఆ రోజు పొద్దున ఆయన బ్రష్షు నోట్లో పెట్టుకుని, సింకు మీద వంగి ఓకరిస్తున్నాడు. తెల్లటి నురగలో పసుపు చార.

"మళ్ళీనా? డాక్టరుకి చూపించుకుందామండీ."

"డాక్టరేం చేస్తాడే! కళ్ళు మూసుకుంటే చాలు, ఆ ముక్కే కనబడుతోంది."

ఆ ముక్క సంగతి చెప్పాలి. ఆయన పని కంప్యూటర్లో బొమ్మలు గీయించడం. దానికి గ్రాఫిక్స్ లైబ్రరీ అని ఒకటుంటుంది. పెళ్ళైన కొత్తలో నేను పుస్తకాల బీరువాలనుకుని "అక్కడ మాట్లాడనివ్వరా?" అని అడిగితే పడీపడీ నవ్వాడు. అది ఎవరో ముందే రాసిపెట్టిన కోడు మూటట. దీపం ఇక్కడ, నీడ అక్కడ, ఇది గట్టి, ఇది తడి అని ఈయన చెబితే, అది క్షణానికి అరవైసార్లు గీసి తెర మీద తిప్పుతుంది. తొమ్మిదో తరగతితో చదువు ఆగిపోయినదాన్ని, నాకర్థమైంది ఇంతే.

నాలుగు నెలలుగా ఆయన గీయిస్తున్నది పచ్చి మాంసం ముక్క. ఇళ్ళకి మాంసం పంపే ఓ కంపెనీ యాప్ కోసం. జనం దాన్ని వేలితో తిప్పి, అన్నివైపులా చూసుకుని కొనుక్కుంటారట.

"ఇంకా తడి కావాలి మాస్టారూ! చూస్తే నోరూరాలి," అనేవాడట వాళ్ళ టీం లీడు. ఈయన తడి పెంచేవాడు. కొవ్వు మీద జిడ్డు, నరం పక్కన నెత్తుటి చెమ్మ, సందుల్లో గులాబీరంగు నీరు. తెర మీద దిండంత ముక్క, రోజుకి తొమ్మిది గంటలు. మొదట మాంసం తినడం మానేశాడు. తర్వాత గుడ్డు. ఆఖరికి పిల్ల చొంగ కార్చుకున్నా మొహం తిప్పుకునేవాడు. "ఎలా మెరుస్తోందో చూడు, థూ!" అనేవాడు. కన్నకూతురి చొంగ.

ఆఫీసులో జరిగినదంతా ఆయన పక్క సీటు పొడుగాయన తర్వాత నాకు పూసగుచ్చినట్టు చెప్పాడు.

ముందురోజే ఆ లైబ్రరీకి కొత్త వెర్షను వచ్చింది. పెట్టగానే ముక్క మీద కొవ్వంతా మిణుకుమిణుకుమనడం మొదలైంది. మాంసం పొరా కొవ్వు పొరా ఒకే లోతులో పడితే, నేను ముందంటే నేను ముందని సవతుల్లా కొట్టుకుంటాయట. చూడ్డానికి ముక్క నిండా పురుగులు లుకలుకలాడుతున్నట్టే ఉందట.

"గురూ, నీ సరుకు కుళ్ళింది!" అన్నాడు పొడుగాయన.

ఆ పురుగుల్ని పొద్దుటినుంచీ రెప్పవేయకుండా చూస్తూ కూర్చున్నాడు మా ఆయన. కాలరు చెమటకి తడిసింది. అరచేత్తో రొమ్ము రుద్దుకుంటూనే ఉన్నాడు. పదకొండున్నరకి కొవ్వు పొరని వెంట్రుకవాసి పైకి జరిపాడు. మిణుకు ఆగింది.

"ఏంటలా పాలిపోయావ్?" అన్నాడు పొడుగాయన.

"వాంతొచ్చేలా ఉంది. దవడలు లాగుతున్నాయి."

"ఆ ముక్క చూస్తే నాకే వస్తుంది, కాపురం చేస్తున్నవాడివి నీకు రాదూ!"

నలుగురూ నవ్వారు. ఆయనా నవ్వాడట.

సాయంత్రం కంపెనీవాళ్ళకి చూపించాలి. అంతకుముందు బొమ్మని నాలుగు గంటలు ఆపకుండా తిప్పి టెస్టు చేయాలి. మధ్యలో ఎవరి చెయ్యి తగిలి మౌసు కదిలినా లెక్క మళ్ళీ మొదటికొస్తుంది. అందుకని వాళ్ళలో ఓ పద్ధతుంది. తెర అంచున పసుపు చీటీ అంటించి ఉంటే ఆ సీటు జోలికి ఎవరూ పోరు. ఆయన చీటీ రాశాడు: "నడుస్తోంది. ముట్టుకోవద్దు." చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని, వెనక్కి వాలి కళ్ళు మూసుకున్నాడు.

"ముక్కని చూడలేక మూసుకున్నాడనుకున్నానమ్మా," అన్నాడు పొడుగాయన.

ఒంటిగంటకి నేను "తిన్నారా?" అని మెసేజి పెట్టాను. జవాబు లేదు. కానీ ఆయన పేరు పక్కన, మనిషి కంప్యూటరు ముందే ఉన్నాడని చెప్పే పచ్చ చుక్క వెలుగుతోంది. టెస్టు నడిచేటప్పుడు కంప్యూటరు నిద్రపోకుండా ఆయనే ఏదో రాసుకున్నాడట, దాంతో ఆ చుక్క వెలుగుతూనే ఉంటుందట. నాకేం తెలుసు? చుక్క చూసి మనసు కుదుటపడి, వెళ్ళి పిల్ల ముక్కు కింద వేలు పెట్టి చూసుకున్నాను.

రెండింటికి తుడిచే ఆవిడ ఆయన కాళ్ళ చుట్టూ తడిగుడ్డ పెట్టి పోయింది. మూడింటికి పొడుగాయన దూరం నుంచే చూశాడు. ముక్క తిరుగుతోంది. బొటనవేలెత్తి చూపించి టీకి వెళ్ళాడు.

నాలుగింటికి లీడు వచ్చి వెనక నించున్నాడు. "ఆహా, తడంటే ఇదీ!" అని భుజం తట్టాడు. తల పక్కకి వాలిపోయింది. నోటి కొసన కారిన చొంగ తెర వెలుగులో మెరిసింది.

గుండెట. ఒంటిగంటలోపే పోయుంటాడన్నాడు డాక్టరు. నెలరోజులుగా ఆ ఓకరింతలు మాంసం మీద ఏవగింపు కాదట, గుండెవేనట. ఆఫీసువాళ్ళు వాటికి నవ్వారు, నేనూ ముక్క మాటే నమ్మి ఊరుకున్నాను.

ఆయన్ని మోసుకెళ్ళాక కూడా ఆ బొమ్మని ఎవరూ ఆపలేదట. టెస్టు నెగ్గింది. మొన్న పక్కింటి పిన్నిగారు ఫోనులో ఆ యాప్ తెరిచి నా మొహం ముందు పెట్టి, వేలితో తిప్పుతూ "ఎంత తాజాగా ఉందో చూడమ్మా" అంది. కొవ్వు నిగనిగలాడుతోంది. ఒక్క మిణుకు లేదు. సింకు దగ్గరికి పరిగెత్తాను.

ఆయన సంచీ ఇంటికొచ్చింది. అందులో ఆ రోజు మూత తీయని అన్నం డబ్బా. పులిసిన కంపు, మూత చుట్టూ నురగ. ముక్కు మూసుకుని కడిగేశాను. ఆయన సామాను సర్దినవాళ్ళు చూసుకోలేదేమో, డబ్బా అడుగున ఆ చీటీ అంటుకుని ఉంది. దాన్ని మాత్రం పారేయలేకపోయాను.

మీ పక్కన ఎవరైనా వాంతొస్తోందని రొమ్ము రుద్దుకుంటూ పనిలో కూర్చుని ఉంటే, తెర తిరుగుతోంది కదా, చుక్క వెలుగుతోంది కదా అని ఊరుకోకండి. లేచి వెళ్ళి ఒక్కసారి పిలవండి. పలక్కపోతే, అక్కడ ఇలాంటి పసుపు చీటీ ఉన్నా సరే, పీకేసి మనిషిని ముట్టుకుని చూడండి.