వంక లేని ఫోటో

"ఫోటోలో ఒక మనిషి మనకి వీపు పెట్టి వెళ్ళిపోతున్నాడు. అతన్ని ఇటు తిప్పాలంటే ఏం చెయ్యాలి?"

వడియాలు సగం పెట్టి, ఎండకి తాళలేక మేడ దిగి వచ్చిన అమ్మమ్మ పిండి గిన్నె మీద మూత వేసి అడిగింది.

"ఫోటో తిప్పేస్తే సరి," అన్నాడు లోహిత్.

"అప్పుడు అట్ట కనిపిస్తుంది నాయనా, మొహం కాదు. అక్షితా, నీకు తెలుసా? తెలీదు. అయితే చేతులు కట్టుకుని వినండి."

బందరులో ఒక మేడమీది గదిలో, ఆదివారం సాయంత్రాలు, ఫోటోల సరదా ఉన్నవాళ్ళు చేరేవారు. పెడన నుంచి ఒక అద్దకాల ఆయన, గుడివాడ నుంచి రైల్లో కాంతారావు, ఇంకా ఊళ్ళోవాళ్ళు. బట్టలారేసే తీగకి ఎవరి ఫోటో వాళ్ళు క్లిప్పు పెట్టి తగిలించేవారు. మిగతావాళ్ళు వంకలు చెప్పాలి. తీసినవాళ్ళు మాత్రం నోరు మెదపకూడదు. "వాదించేవాడు నేర్చుకోడు," అని శోభనాద్రి మాస్టారు పెట్టిన నియమం అది. ఆయన డ్రాయింగు మాస్టారుగా చేసి రిటైరైన మనిషి.

చెప్పిన వంక నిజమైనదైతే ఫోటో తనంతట తానే దిద్దుకునేది. ఓసారి కాంతారావు ఎద్దు ఫోటో తెస్తే, తోక సగానికి తెగిపోయిందన్నారు. మళ్ళీ ఆదివారానికి తోక లోపలికి వచ్చింది. "నీకంటే ఎద్దు నయం, చెప్తే విన్నది," అని నవ్వి టీ తాగారు. మొహమాటానికి చెప్పిన వంకకి మాత్రం ఫోటోలు కదిలేవి కావు. తీసినవాళ్ళ మాట అసలే వినేవి కావు. కన్నతల్లి మాట వినని పిల్లలు పక్కింటావిడ చెప్తే వింటారు చూశారా, అలాగన్నమాట.

ఆ గుంపులో ఉమామహేశ్వరి ఒక్కతే ఆడమనిషి. ఆ ఏడు మాఘ పౌర్ణమికి భర్త పాండురంగతో హంసలదీవికి సముద్రస్నానానికి వెళ్ళింది. జనం పలచబడ్డాక, తడి ఇసుకలో అతని నీడ చూసి ముచ్చటపడింది.

"ఏవండీ, అలా నడుస్తూ ఉండండి. నేను చెప్పేదాకా వెనక్కి తిరక్కండి."

అతను నడిచాడు. ఆమె ఫోటో తీసి, రీలు తిప్పుకుని తలెత్తేసరికి ఒడ్డున మనిషి లేడు.

జాలర్లు పడవలు వేసుకుని వెతికారు. పోలీసులు వచ్చి రాసుకుపోయారు. చెప్పు కూడా దొరకలేదు. "తిరగమని నేను చెప్పలేదండీ," అని కనిపించిన ప్రతివాళ్ళతోనూ అనేది ఉమామహేశ్వరి. బస్సులో పక్కన కూర్చున్నవాళ్ళతో కూడా.

రీలు కడిగిస్తే, ఫోటోలో అతను అలా నడుస్తూనే ఉన్నాడు. ఎవరైనా వంక చెప్తే తిరుగుతాడన్న ఆశతో ఆ ఫోటో తీగకి తగిలించింది. ఎవరినీ మెచ్చుకోని శోభనాద్రి మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"ఇందులో వంక లేదమ్మా."

అందరూ అదే మాట. ఆ ఒంటరితనం, ఆ నీడ, ఎంత బాగుందో అన్నారు. మళ్ళీ ఆదివారానికి పాండురంగ ఇంకాస్త దూరం వెళ్ళాడు. పొగిడినకొద్దీ దూరమయ్యాడు. తగిలించకపోతే వంక చెప్పేవాళ్ళుండరు, తగిలిస్తే పొగుడుతారు. ఆమె పమిట కొంగు పళ్ళతో నొక్కిపట్టి కూర్చునేది. కాంతారావు జాలిపడి, సముద్రం ఓ పక్కకి వాలిందేమో అన్నాడు. సముద్రం కదల్లేదు.

ఉమామహేశ్వరి మాస్టారింటికే వెళ్ళింది. "మొహం కనబడలేదని ఒక్క మాట అనండి."

"అనగలను తల్లీ. కానీ నా కంటికి ఆ వీపులోనే ఉంది అందమంతా. నేను అబద్ధమాడితే దానికి తెలిసిపోతుంది."

పాండురంగ బియ్యపుగింజంత అయ్యాడు. చుట్టాలు ఇక కర్మ చేసేద్దామంటున్నారు. అత్తగారు రాఘవమ్మ కోడలితో మాట్లాడడం ఏనాడో మానేసింది. ఉమామహేశ్వరి ఆవిడ కాళ్ళు పట్టుకుంది.

"అత్తయ్యా, ఒక్కసారి వచ్చి తిట్టండి."

"నిన్నా?"

"ఫోటోని."

రాఘవమ్మ మెట్టు మెట్టుకీ ఆగుతూ మేడెక్కింది. ఫోటోని ముక్కుకి ఆనేంత దగ్గరగా చూసింది.

"ఎవరిది?"

"మీ అబ్బాయేనమ్మా," అన్నారు మాస్టారు. "చాలా బాగా వచ్చింది."

"ఏం బాగు? మొహమేదీ? మావాడికి గడ్డం కింద మచ్చుంటుంది, అదేదీ? వాడి వీపు చూసుకోడానికా నేను కన్నది? ఇంతమంది చదువుకున్నవాళ్ళు, మనిషి వెళ్ళిపోతుంటే బాగుంది బాగుంది అంటూ కూర్చున్నారా?"

మాస్టారు ఆ ఫోటోని మళ్ళీ చూశారు. "నిజమేనమ్మా. మొహం లేదు. మనిషి మరీ దూరంగా ఉన్నాడు."

తీగ సన్నగా ఊగింది.

ఆ మరుసటి ఆదివారం అతను ఇటు తిరిగి ఉన్నాడు. తర్వాత వారం గడ్డం కింద మచ్చ కనిపించింది. "ఇంకా దగ్గరికి రావాలి," అని నిజంగానే అన్నారు అందరూ. ఆపైవారం ఉమామహేశ్వరి సంచిలోంచి ఫోటో తీసి చూస్తే, వట్టి ఇసుక, సముద్రం. మనిషి లేడు. ఆమె తీగ కింద అలాగే కూలబడిపోయింది. రాఘవమ్మ కోడలి తల ఒళ్ళోకి తీసుకుంది.

"అడుగులు చూడండి," అన్నాడు కాంతారావు మెల్లగా. ఫోటోలో అడుగులు ఇటే వచ్చి, కింది అంచు దగ్గర ఆగిపోయాయి. గడప దగ్గర నేల మీద కాస్త ఇసుక రాలి ఉంది.

మెట్ల మీద, మోకాళ్ళ దాకా తడిసిన పంచెతో, ఒక మనిషి గోడకేసి తిరిగి కూర్చుని ఉన్నాడు.

"ఫోటో అయిందా ఉమా? ఇక తిరగొచ్చా?"

అమ్మమ్మ ఆగింది.

"ఆవిడ ఏమంది అమ్మమ్మా?" అంది అక్షిత.

"ఏమంటుంది? తీసినవాళ్ళు మాట్లాడకూడదు కదా. వెళ్ళి ఎదురుగా నిలబడింది, అంతే." అమ్మమ్మ గిన్నె మీద మూత తీసి వాసన చూసింది. "పిండి పులిసిపోయేట్టుంది," అంటూ గిన్నె చంకన పెట్టుకుని, మిగిలిన వడియాలు పెట్టడానికి మేడెక్కింది.