ఎటు నిలబడినా చూసే కళ్ళు

కుంచెను నాలిక కొసన తిప్పి, మొన సన్నం చేసుకుని, కూర్మనాథం చనిపోయిన ముసలమ్మకు రెండో కన్ను కూడా తెరిచాడు.

నెల్లిమర్ల జూట్‌మిల్లు ఎదుటి ఫోటో స్టూడియోలో ముప్పై ఏళ్ళుగా ఆయన పని అదే. బతికుండగా ఫోటో దిగనివాళ్ళను పోయాక గోడకు ఆనించి కూర్చోబెట్టి తీస్తారు. ఆ మూసిన రెప్పల మీద ఆయన కళ్ళు గీస్తాడు. నల్లగుడ్డును సరిగ్గా నడిమధ్యన పెట్టి, అందులో తెల్లచుక్క వేస్తే చాలు, మనం ఎటు నిలబడినా ఆ కళ్ళు మననే చూస్తాయి. ఒట్టి కనికట్టు. అయినా జనం ఫోటో ముందు అటూ ఇటూ నడిచి కళ్ళొత్తుకునేవారు. పనిలో పనిగా ఆయన వంకర ముక్కులు సరిచేసేవాడు, ఎత్తుపళ్ళు తగ్గించేవాడు. ఎవరూ వద్దనలేదు.

తల్లి ఫోటో కోసం వచ్చిన మిల్లు కూలీ దాలమ్మ మాత్రం మొహం ముడుచుకుంది.

"ఇది మాయమ్మ కాదు బాబూ. మాయమ్మకి మెల్లకన్ను. ఒక కన్ను పొయ్యి మీదుండీది, ఇంకోటి నా మీదుండీది. ఏ కంటితో సూత్తందో తెలక బెల్లమ్ముక్క కూడా దొంగతనంగా తిననేకపోయీదాన్ని. రేపు పెద్దకార్యం. వచ్చినోళ్ళు ఇదెవులే అంటారు."

"లోపం దిద్దడమే మా పని కదమ్మా!"

"నోపమేటి? అదే మాయమ్మ."

సాయంత్రానికి ఇస్తానని పంపేసి, ఎడమ కంటిని గీకి, నల్లగుడ్డును ముక్కువైపు జరిపాడు. ఇప్పుడు ఎటు నిలబడినా ఒక కన్ను మనమీదే ఉంది, రెండోది దాని పని అది చూసుకుంటోంది. ముసలమ్మ గడుసుదనం చూసి ఆయనకు నవ్వాగలేదు.

మధ్యాహ్నం ఇంట్లో అన్నం ముందు కూర్చుని గోడకేసి చూశాడు. పోయి తొమ్మిదేళ్ళయిన భార్య సుభద్రమ్మ ఫోటో అది. అమ్మవారు పోసిన మచ్చలన్నీ ఆయనే చెరిపేసి, బుగ్గ నున్నగా చేశాడు. ఎవరో పరాయి ఇంటావిడ ఎదురుగా ఉన్నట్టు, ఆ చూపు కింద తినడానికి ఇన్నాళ్ళూ మొహమాటంగానే ఉండేది. ఎందుకో ఇవాళ అర్థమైంది. చెయ్యి కడుక్కుని ఫోటో చంకలో పెట్టుకుని బయల్దేరాడు.

"అమ్మగారిని సినిమాకి తీసికెల్తన్నారేటి మాస్టారూ?" అన్నాడు స్టూడియో కుర్ర యజమాని నరసింగరావు.

"చిన్న మరమ్మతుందిరా" అని ఆయన తన బల్ల దగ్గరికి పోయాడు.

మిల్లు వదలగానే దాలమ్మ పరుగున వచ్చింది. తల్లి ఫోటో ముందు ఎడమకు జరిగింది, కుడికి జరిగింది. "సాల్లేయే అమ్మా, తిన్నేదులే!" అని నవ్వుతూనే ఏడ్చేసింది.

ఇప్పుడు అచ్చం తన తల్లేనని చెబుదామని ఆమె ఇటు తిరిగి చూస్తే, కూర్మనాథం బల్ల మీద తలవాల్చి ఉన్నాడు. నరసింగరావు వచ్చి భుజం తట్టాడు, ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాడు. ప్రాణం ఎప్పుడు పోయిందో, పక్క గదిలోనే ఉన్న అతనికీ తెలియలేదు.

ఆయన చేతికింద సుభద్రమ్మ ఫోటో ఉంది. బుగ్గ మీద అయిదు మచ్చలు ఎక్కడివక్కడ పడ్డాయి, ఆరోదాని రంగు ఇంకా తడిగానే ఉంది.