నీలం తెర వస్తే ఆపొద్దు

చీటీలో ఆరు అని ఉంది. డాక్టరమ్మ చెప్పింది రెండు.

ఆ చీటీ పట్టుకుని వెనక్కి వచ్చినావిడ చంకలో ఉన్న పిల్లాడు బొటనవేలు చీకుతూ నన్నే చూస్తున్నాడు. "లోపల డాక్టరమ్మ రెండు ఎమ్మెల్ అని నోటితో చెప్పారు. ఇందులో ఆరు అని ఉంది. ఏది పొయ్యమంటారు?" అని అడిగిందామె.

"పోసేశారా?"

"ఇంకా లేదండీ. అడిగి పోద్దామని."

ఆ మాట వినేదాకా నా పై ప్రాణాలు పైనే ఉన్నాయి. విన్నాక కూడా పూర్తిగా కిందికి దిగలేదు.

ఈ పిల్లల ఆసుపత్రిలో నాది ముందు గదిలో బల్ల. డాక్టరమ్మ లోపలి నుంచి మందు పేరూ మోతాదూ కేకేసి చెబుతుంది. నేను కంప్యూటర్లో కొట్టి చీటీ తీసి ఇస్తాను. కంప్యూటర్లో మాకున్నది ఒకటే చీటీ నమూనా. దాంట్లోనే పాత పేరు చెరిపి కొత్త పేరు, పాత అంకె చెరిపి కొత్త అంకె కొడతాను. కాగితం బయటికొచ్చాక లోపల ఏదీ దాచం. అది రోజూ పని తేలిక చేసే పద్ధతే. ఇప్పుడు వెనక్కి తిరిగి చూసుకుందామంటే మాత్రం చూడటానికి ఏమీ లేదు.

సరైన మోతాదు చెప్పి ఆవిడని పంపించాక, కాంపౌండరు బాబాయి నా పక్కకి వచ్చి గొంతు తగ్గించాడు. "వాళ్ళకంటే ముందొచ్చిన పెద్దపిల్లకి ఆరే కదమ్మా. చెరపడం మర్చిపోయుంటావు. నీ మనసంతా ఇంట్లో పసిదాని మీద ఉంటుంది, చేతులు మాత్రం ఇక్కడుంటాయి."

"చెరిపాను బాబాయ్. రెండే కొట్టాను. నా వేలికి గుర్తుంది."

"వేలికి గుర్తేంటమ్మా! దానికి వేరే బుర్ర ఉందా?"

నవ్వబోయాడు గానీ ఆయన మొహంలోనూ నెత్తురుచుక్క లేదు.

మా అన్నయ్య కంప్యూటర్లు బాగు చేస్తాడు. ఫోన్ చేసి, ఈ మధ్య తెర ఉన్నట్టుండి నీలంగా మారి ఆగిపోతోందని, పేర్లలో అక్షరాలు ఒక్కోసారి వేరేగా పడుతున్నాయని చెప్పాను. పేర్లయితే నవ్వుకుని దిద్దేదాన్ని. అంకె మారితే ఎవరు నవ్వుతారు?

"మెమరీ చెడిందేమోనే," అన్నాడు అన్నయ్య. "నువ్వు రెండు కొడితే అది ఆరని గుర్తుపెట్టుకుంటుంది. అలా జరగొచ్చు. దాన్ని పరీక్షించేది కంప్యూటర్లోనే ఉంటుంది. నేను చెప్పినట్టు పెట్టు, తేలిపోతుంది."

తప్పు నాదైతే పాడైంది ఒక్క చీటీ. అది తిరిగొచ్చేసింది. తప్పు కంప్యూటర్‌దైతే, ఇది ఎప్పుడు చెడిందో అప్పటి నుంచి నా చేత్తో ఇచ్చిన ప్రతి చీటీనీ అనుమానించాల్సిందే. ఎన్నిళ్ళలో ఎంతమంది తల్లులు నా అంకెని నమ్మి చెంచా నింపుతున్నారో. నా కూతురికి దగ్గు మందు పోసేటప్పుడు అది నోరు ఎలా తెరుస్తుందో కళ్ళ ముందు కనబడింది. దేవుడా, తప్పు నాదే అవనీ, ఉద్యోగం పోతే పోనీ అనుకున్నాను.

లోపలికెళ్ళి డాక్టరమ్మకి చెప్పాను. అందరికీ ఫోన్లు చేసేస్తానన్నాను. ఆవిడ స్టెతస్కోపు మెడలోంచి తీసి బల్ల మీద పెట్టింది.

"చీటీ తప్పేమో అంటే భయపడి మందే ఆపేస్తారమ్మా. ఫిట్స్ మందు వాడే పిల్లలున్నారు. ఆపితే అదో ముప్పు. ముందు ఆ పరీక్షేదో పెట్టి చూడు. కంప్యూటర్ తప్పని తేలితే ఆ క్షణమే మొదలెడదాం. అందాకా చీటీలు నేనే రాస్తాను."

వచ్చి అన్నయ్య చెప్పినట్టు పరీక్ష తెరిచాను. ఇప్పుడే చేయనా, మళ్ళీ ఆన్ చేసినప్పుడు చేయనా అని అడిగింది. మళ్ళీ ఆన్ చేసినప్పుడు అని నొక్కి, కంప్యూటరు ఆపి, ఆన్ చేశాను. మామూలుగానే తెరుచుకుంది. పరీక్షా లేదు, గిరీక్షా లేదు.

"షట్‌డౌన్ చేశావా? అలా చేస్తే అది పూర్తిగా పడుకోదే. పొద్దున్నే తొందరగా లేవాలని ఒంటికన్ను తెరుచుకుని పడుకుంటుంది. రీస్టార్ట్ కొట్టు. ఏమైందో ఫోన్ చెయ్యి," అన్నాడు అన్నయ్య.

రీస్టార్ట్ కొట్టాను. తెర నల్లబడింది. ఆ వెంటనే నీలం వచ్చింది. నా పక్కనే కూర్చున్న బాబాయి కాలు అలవాటుగా బల్ల కిందికి వెళ్ళి స్విచ్చు నొక్కేసింది.

మా ఆసుపత్రిలో అదొక నియమం. నీలం వస్తే ఆపెయ్యాలి. ఎవరు పెట్టారో తెలియదు గానీ, ఆపి మళ్ళీ ఆన్ చేస్తే బాగానే వస్తుంది కాబట్టి అందరం పాటిస్తాం. ఆ క్షణంలో నాకూ ప్రాణం కుదుటపడినట్టే అనిపించింది.

మళ్ళీ ఆన్ చేస్తే మామూలు తెర. పరీక్ష రాలేదు. మళ్ళీ పెట్టాను. మళ్ళీ నీలం, మళ్ళీ బాబాయి కాలు, మళ్ళీ మామూలు తెర.

"రావట్లేదు అన్నయ్యా."

"రాకపోవడమేంటే! రీస్టార్టే కొట్టావా?"

"ఒట్టు. రీస్టార్టే."

అన్నయ్య ఏవేవో సెట్టింగులు తెరిపించాడు, మూయించాడు. బెంచీ మీద తల్లులు నన్నే చూస్తున్నారు. ఎవరో పిల్ల వెక్కిళ్ళు పెట్టి ఏడుస్తోంది. తొందరలో ఒక మీట బదులు ఇంకోటి నొక్కుతున్నాను.

"ఈసారి పరీక్ష పెట్టాక ఫోన్ పెట్టెయ్యకు," అన్నాడు అన్నయ్య. "కళ్ళకి ఏది కనబడితే అది చెప్తూ ఉండు."

"నల్లగా అయింది... ఇప్పుడు నీలం వచ్చింది. బాబాయి ఆపేశాడు."

"ఎవరు ఏం ఆపారు?"

"బాబాయి. స్విచ్చు. నీలం వచ్చిందిగా."

"ఓసి పిచ్చిమొహమా! ఆ నీలం మీద ఏం రాసుందో చూశావా?"

"ఎప్పుడు చూడను? రాగానే ఆపేస్తాం!"

"అదేనే పరీక్ష! ఒక్కసారి పెడితే ఒక్కసారే వస్తుంది. వచ్చిన ప్రతిసారీ పీక నొక్కుతున్నారు మీరు!"

ఫోన్లోంచి బయటికి వినబడింది కాబోలు, బాబాయి తన కాలిని తానే తిట్టుకుంటున్నట్టు కిందికి చూశాడు. "మెదడు కంటే ముందు ఇది వెళ్ళిపోయిందమ్మా," అన్నాడు.

ఆయన్ని లేపి బెంచీ మీద కూర్చోబెట్టాను. స్విచ్చుకి అడ్డంగా నా కాళ్ళు పెట్టుకుని, పరీక్ష మళ్ళీ పెట్టి రీస్టార్ట్ కొట్టాను.

నీలం వచ్చింది. ఎవరూ ఏమీ చెయ్యలేదు. ఆ రంగు చూస్తూ ఊరికే కూర్చోవడం ఎంత కష్టమో చెప్పలేను. చెయ్యి తనంతట తాను స్విచ్చు వైపు పోతుంటే ఒళ్ళో రెండో చేత్తో పట్టుకున్నాను. తెర మధ్యలో ఒక గీత మెల్లిగా నిండుతోంది. దాని కింద ఇంగ్లీషులో ఒక వాక్యం. కూడబలుక్కుని చదివాను.

"ఇంతవరకూ ఏ లోపమూ కనబడలేదు అని ఉంది అన్నయ్యా."

"ఉండనీ. కదపకు."

నా తప్పే, నా తప్పే అని లోపల జపం చేస్తున్నాను. అంత ఆశగా ఎప్పుడూ ఏదీ కోరుకోలేదు. గీత ఇంకొంచెం నిండింది. బాబాయి బెంచీ మీంచే మెడ చాచి చూస్తున్నాడు.

వాక్యం మారింది.

మొదటి మాట చదవగానే అర్థమైపోయింది, అయినా చివరిదాకా చదివాను. లోపాలు కనబడ్డాయట. అన్నయ్య "అయ్యో" అన్నాడు, అంతే. "నువ్వు కాదే, నువ్వు రెండే కొట్టావు," అన్నాడు కాసేపటికి. ఆ మాట నాకు ఎందుకూ పనికిరాలేదు.

"డాక్టరమ్మా!" అని అరిచాను. గదిలో ఉన్న పేషెంటుని వదిలేసి ఆవిడే బయటికి వచ్చింది. తెర చూసింది, నన్ను చూసింది. పేషెంట్ల నంబర్లున్న పుస్తకం నా ముందుకి లాగి, "అందరికంటే చిన్నవాళ్ళ నుంచి మొదలెట్టు. మందు ఆపమనకు, చీటీలో ఏముందో చదవమను. మోతాదు నేను చెప్తాను," అంది. బెంచీ వైపు తిరిగి, "కాసేపు ఓపిక పట్టండమ్మా," అంది. బాబాయి తన ఫోన్ తీసి పుస్తకం రెండో చివర పట్టుకున్నాడు.

నేను చేసిన మొదటి నంబరు నెలల పిల్లాడిది. మోగుతోంది. ఎత్తలేదు. మళ్ళీ చేశాను. మోగి మోగి ఆగిపోయింది. మందు పోసి పడుకోబెట్టి ఉంటారా? ఎంత పోసి ఉంటారు? పిల్లాడు పడుకుని లేస్తాడా? మూడోసారి చేశాను.

ఎత్తారు.

ఆవిడ హలో అన్నది నాకు వినబడనే లేదు. వెనకాల పిల్లాడు ఏడుస్తున్నాడు. గుక్కపట్టి, గోడలు అదిరేలా ఏడుస్తున్నాడు.

"చెప్పండి, ఎవరూ? వీడు మందు తాగనని ఒకటే గోల..."

"ఇప్పుడే తాగించకండి," అన్నాను. "ఏడవనివ్వండి. ముందు చీటీ తెచ్చి నాకు చదివి వినిపించండి."