విశ్రాంతికి గుండిగ ఎందుకు?

పప్పు మాడింది. మాడుతోందని నా ముక్కుకు ముందే తెలుసు. కాని ఆయన ప్రార్థనలో ఉన్నారు. మా ఇంట్లో ఒకరు ప్రార్థన మొదలుపెడితే ఆమెన్ అనేదాకా తక్కినవాళ్ళు నోరెత్తకూడదు, చోటు కదలకూడదు. పెళ్ళయిన కొత్తలో ఓసారి పాలు పొంగుతున్నాయని లేచాను. "దేవుడికన్నా పాలెక్కువా అమ్మా నీకు?" అన్నారు మా అత్తగారు. పాలు పొయ్యిపాలు, నేను మాటలపాలు. అప్పటినుంచీ కళ్ళు మూసుకునే మాడ్చడం నేర్చుకున్నాను.

ఆ మాడుపప్పే కలుపుకుంటూ మా ఆయన ప్రభుదాసుగారు సెలవిచ్చారు.

"రాజకుమారీ, దసరాకి కొల్లేటి లంకలో మిషను బంగళాకి వెళ్దాం. నాలుగు రోజులు నీకు విశ్రాంతి."

ఇరవై రెండేళ్ళుగా ఆయన రోజూ ఏదో ఒకటి సెలవిస్తూనే ఉన్నారు గాని, నాకు సెలవివ్వడం అదే మొదలు. తాడేపల్లిగూడెం మిషను బళ్ళో ఆయన హెడ్మాస్టరు. బడికి సెలవలొస్తే ఇంటికి చుట్టాలొస్తారు. పేరుకు రాజకుమారినే, రాజ్యం మాత్రం వంటిల్లు. కూర తరగడానికి తప్ప కూర్చున్నది లేదు. పోయిన నెల పొయ్యి దగ్గర కళ్ళు తిరిగి పడితే, ఏలూరు డాక్టరమ్మగారు నాడి చూసి, "నెలరోజులు రెస్టు తీసుకోవాలండీ. మళ్ళీ పడితే లేవడం కష్టం" అన్నారు. ఇల్లు చేరేసరికి ఆ నెల వారమైంది. "మేం ఏ రెస్టులూ లేకుండానే ఆరుగుర్ని కన్నాం" అని అత్తగారు అనేసరికి వారం కాస్తా నాలుగు రోజులైంది. ఆ నాలుగైనా దక్కితే బతుకుతాననుకున్నాను. కాని ఆయన ఊరికే ఇచ్చేది ఒక్క సలహాయే. అందుకే అనుమానం.

ప్రయాణం రోజున స్టేషనుకు వెళ్ళే బండిలో గుండిగ చూసి నా గుండె గుభేలుమంది. క్రిస్మసు విందుకు నలభైమందికి అన్నం వండే ఇత్తడి గుండిగ అది.

"విశ్రాంతికి గుండిగెందుకండీ?"

"స్నానానికి నీళ్ళు కాచుకోవద్దూ?"

"ఇద్దరికీ ఇంత గుండిగా?"

"నీకు అనుమానం ఎక్కువ, విశ్వాసం తక్కువ. దేవుడి మీద భారం వెయ్యి."

ఆయన మాత్రం భారం కూలీ మీద వేశారు. ఏలూరులో రైలు దిగేటప్పుడు కందిపప్పు మూట, ఎండుమిరపకాయల బుట్ట కూడా దిగాయి. స్నానం మిరపకాయలతోనా అని అడగబోయి మింగాను. ఆ ఘాటు నాకే తగిలింది. అక్కణ్ణించి ఎద్దుబండి. వానలకు దారి దారిలా లేదు, చక్రం రెండుసార్లు దిగబడింది. దిగబడినప్పుడల్లా ఆయన విశ్వాసం అన్నారు, నేను నడుం పట్టుకుని బండి తోశాను.

రేవులో రెండు తాటిదోనెలు జతకట్టిన పడవ ఉంది. దాన్ని గెడవేసి నడిపే మనిషి పాపమ్మ. గుండిగను ఎగాదిగా చూసింది.

"ఎంతమందికండీ అమ్మగారూ?"

"ఇద్దరమే పాపమ్మా."

"పొద్దుట్నించీ తెల్లచొక్కాలోరిని దింపుతానే ఉన్నానండీ లంకలో!"

ఆయనకు ఉన్నట్టుండి దగ్గొచ్చింది.

కిక్కిస గడ్డి దుబ్బులు దాటి నడినీళ్ళలోకి వచ్చేసరికి ఈదురుగాలి లేచింది. పడవ గుండిగ వైపు ఒరిగి, నీళ్ళు నా ఒళ్ళోకి వచ్చాయి. "గుండిగ తోసెయ్యమంటారా అండీ?" అని అరిచింది పాపమ్మ. "వద్దొద్దు!" అని అంతకన్నా గట్టిగా అరిచారాయన. "అయితే కళ్ళు మూసుకుంటే మూసుకోండిగాని, కదలకండి!" అందామె. నేనూ కళ్ళు మూసుకున్నాను. నిజంగానే ప్రార్థించాను. నా అనుమానం ఎప్పుడూ దేవుడి మీద కాదు, పక్కన కూర్చున్నాయన మీద. అంతలో ఆయన గొంతెత్తారు.

"ప్రభువా, మమ్ము మునగనియ్యకుము! ఈ గుండిగ మునిగినయెడల, లంకలో ప్రార్థన కూటమునకై కూడుకొనియున్న నీ సేవకులు పన్నెండుగురు ఈ నాలుగు దినములు ఏమి భుజింతురు? వండబోవు నీ దాసురాలి చేతులను బలపరచుము! ఆమెన్!"

నేను ఒక కన్ను తెరిచాను. నాతోనైతే స్నానానికని చెప్పగలిగారు, దేవుడితో చెప్పలేకపోయారు. పాపమ్మ నా మొహం చూసింది. పళ్ళు బిగబట్టి గెడ వేసింది. గాలి తగ్గిందో, గెడ నెగ్గిందో, ఒడ్డు చేరాం.

ఒడ్డున పన్నెండుమంది పెద్దమనుషులు వరసగా నిలబడి ఉన్నారు. నాకన్నా ముందు గుండిగను దింపారు. వారిలో పెద్దాయన నిత్యానందం పాదిరిగారు చేతులు జోడించారు.

"స్తోత్రమండీ! గండం గడిచింది గనక అమ్మగారే చిన్న ప్రార్థన చెయ్యాలి. తరవాత అన్నం సంగతి చూద్దురుగాని. పొద్దుట్నించీ అటుకులేనండీ."

అందరూ కళ్ళు మూసుకున్నారు, అందరికన్నా ముందు మా ఆయన. నేను గొంతు సవరించుకున్నాను.

"తండ్రీ, నీకు స్తోత్రం. డాక్టరమ్మగారు చెప్పిన నెలరోజుల్లో నాలుగు నాకు దక్కుతాయని నమ్మి వచ్చాను. నువ్వు సరస్సు ఒడ్డున నీ చేతులతోనే నిప్పు రాజేసి, చేపలు కాల్చి, అలిసిన శిష్యుల్ని తినడానికి పిలిచావు. నీకు చిన్నతనం కాని పని వీరికి చిన్నతనం కాకుండా చూడు. ఇక్కడ ఇరవై ఆరు చేతులున్నాయి. వాటిలో రెండు మా వారివి. ఇరవై రెండేళ్ళుగా ఎక్కడో పెట్టి మరిచిపోయారు. జ్ఞాపకం చెయ్యి."

ఎవరో నవ్వబోయి దగ్గారు. నేను ఆమెన్ అంటే కదా ఎవరైనా కదలడానికి! నేను ఏలూరు కోసం ప్రార్థించాను, ఆకివీడు కోసం ప్రార్థించాను, నల్లజర్ల కోసం, దాని చుట్టుపక్కల ఊళ్ళ కోసం పేరుపేరునా ప్రార్థించాను. పొద్దు పడమటికి వాలింది. పెద్దమనుషుల కడుపులు నాతో గొంతు కలిపాయి. నేను పాపమ్మ పడవ కోసం, రెండు దోనెల కోసం విడివిడిగా మొదలుపెట్టాను.

అప్పుడు వినబడింది, ఇత్తడి కణుక్కుమన్న చప్పుడు. ఒక కన్ను కొంచెం తెరిచాను. ఆమెన్ కాకుండా చోటు కదలకూడదన్న మనిషి, పంచె ఎగగట్టి, గుండిగను ఎత్తుకుని నీళ్ళకోసం రేవులోకి దిగుతున్నారు. పాదిరిగారు అడుగులో అడుగేసుకుంటూ కట్టెల వైపు వెళ్తున్నారు.

నాకు నమ్మకం కుదరలేదు. కన్ను మూసుకుని పెదవేగి ఊరికోసం ప్రార్థన అందుకున్నాను. ఎసరు మరిగిన చప్పుడు చెవిని పడేదాకా ఆమెన్ అనదలుచుకోలేదు.