చేలూరు దాటినాక దిగిన మనిషి

బాగేపల్లిలో అక్క మునిలక్ష్మమ్మ పోయిందని తెలియగానే, రామాంజినప్ప చింతామణిలోని తన చింతపండు అంగడి మూసి బస్సెక్కాడు. దారిలో ఇబ్బంది పడకూడదని గుక్కెడు నీళ్ళు కూడా తాగలేదు. అయినా చేలూరు దాటాక ఆపుకోలేక, కండక్టరును బతిమాలి దిగాడు. తుమ్మచెట్ల చాటున ఎంతసేపు నిలబడినా చుక్కలే పడ్డాయి. కండక్టరు రెండుసార్లు విజిలు వేశాడు, బస్సు వెళ్ళిపోయింది.

ఇంకో బస్సు పట్టుకుని చేరేసరికి అక్కను మట్టి చేసి వచ్చేశారు.

"ఇంతసేపు యాడుంటివి మామా?" అన్నాడు ఆమె కొడుకు లోకేశ్.

"బస్సు లేటయిందిరా."

రామాంజినప్పకు ఏడుపు రాలేదు. ఎవరేమన్నా తలూపుతూ కూర్చున్నాడు.

మూడోనాడు జలుబు చేస్తే మందులంగట్లో మాత్ర కొని మింగాడు. తెల్లారేసరికి మూత్రం బొత్తిగా ఆగిపోయింది. పొత్తికడుపు రాయిలా గట్టిపడింది. భార్య జయలక్ష్మమ్మ చిక్కబళ్ళాపురం ఆసుపత్రికి తీసుకెళ్ళింది. మూత్రం దారిలో సన్నటి గొట్టం వేశారు. గొట్టానికి తగిలించిన సంచి నిండేకొద్దీ నొప్పి తగ్గింది. అంతకు మించి ఆయనకేమీ అనిపించలేదు.

"ఎన్నాళ్ళ నుంచి ఉండాదప్పా?" అడిగింది డాక్టరు వినుత.

"రెండేండ్లాయ. వయసయితే ఇట్లే కదా అనుకొంటి."

"వయసుకే వస్తాది. అట్లని ఓర్చుకొనేది కాదు. మూత్రసంచి కింద ప్రోస్టేట్ అని గ్రంథి ఉంటాది. అది పెరిగి దారిని నొక్కుతాండాది. జలుబు మాత్రతో ఇంకా బిగుసుకొనింది. పరీక్షల్లో క్యాన్సర్ అనుమానమైతే కనపడలేదు. మాత్రలిస్తాను. వారమైనాక గొట్టం తీసి చూస్తాము. అప్పటికీ రాకుంటే కడుపు కోయకుండా లోపలి నుంచే ఆపరేషన్ చేస్తారు."

మరునాడు లోకేశ్ చూడ్డానికి వచ్చాడు. మంచం పక్కన సంచి చూసి తల తిప్పుకున్నాడు.

"ఆ పొద్దు బస్సు లేటు కాలేదురా," అన్నాడు రామాంజినప్ప. "ఒంటికి పొయ్యేదానికి నేనే దిగితిని."

"ముందే చెప్పింటే కారు పంపిస్తుంటినే మామా."

"అవును," అన్నాడు రామాంజినప్ప.

జయలక్ష్మమ్మ గొట్టం మెలిక పడకుండా సర్దింది.

వారం తర్వాత గొట్టం తీశారు. నీళ్ళు తాగించి గంటసేపు కూర్చోబెట్టారు. ధార సన్నగానైనా వచ్చింది. వినుత స్కానింగులో చూసి, మూత్రసంచి బాగానే ఖాళీ అయిందని చెప్పింది.

"ఆపరేషన్ ఇప్పుడొద్దప్పా. మాత్రలు మాత్రం మానొద్దు. నెలకి మళ్ళీ రండి."

జయలక్ష్మమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఆయన చొక్కా బొత్తాలు పెట్టుకుంటూ నిలబడ్డాడు.

"ఇప్పుడెట్లుండాది?" అంది బయటికొచ్చాక.

"ఏమీ లేదు," అన్నాడు. "నడు, పోదాం."