తోడు పెట్టిన ఇంజిన్

మా బావ తన లారీని ట్రాక్టరు వెనక తాడుతో కట్టించుకుని నా షెడ్డుకు తెచ్చాడు. ఆ వచ్చిన తీరు చూడాలి. స్టీరింగు ముందు దర్జాగా కూర్చుని, దారిలో ఎదురైన ప్రతివాడికీ చెయ్యి ఊపుకుంటూ వచ్చాడు. బండి చతికిలబడితే ఈడ్చుకొస్తున్నారన్న సిగ్గు మచ్చుకైనా లేదు.

"డాక్టరమ్మా, పేషెంటును తెచ్చాను," అంటూ దిగాడు.

నేను లారీ ఇంజిన్లు బాగుచేస్తాను. ఆడదానివి, నీకెందుకే ఈ మసి అన్నవాళ్ళే ఇప్పుడు నా షెడ్డు ముందు వరస కడుతున్నారు. నాకు నోరెక్కువ, ఓపిక తక్కువ అని మా అక్క అంటుంది. ఆ మాటకొస్తే ఆ రెండింటిలోనూ తను నాకంటే రెండాకులు ఎక్కువే చదివింది.

"ఏమైంది బావా?"

"ఏం కాలేదు. కొంచెం ఆయాసం. ఎత్తు ఎక్కుతుంటే డొక్కలో టకటకమంది. వెంటనే ఆపేశాను. అంత తెలివైతే ఉందిలే."

"ఉన్నదంతా అక్కడే ఖర్చుపెట్టేసినట్టున్నావు."

బావ నవ్వాడు కానీ ఆ నవ్వు కళ్ళదాకా వెళ్ళలేదు. ఎందుకో నాకు తెలుసు. మా అక్క తేనెటీగలను పెంచుతుంది. ఇల్లు, వంట, మొగుడు అన్నీ ఆ పెట్టెల తర్వాతే. ఇక్కడి తోటల్లో పూత రాలిపోయింది. కొండ అవతల పొద్దుతిరుగుడు విచ్చుకుంది. పెట్టెలు ఈ వారంలో అక్కడికి చేరితే ఈగలకు తిండి, లేకపోతే పస్తులు. చక్కెర నీళ్ళు పోసి ఎన్నాళ్ళని బతికిస్తుంది?

పోనీ ఇంకో లారీ మాట్లాడుకుందామా అంటే, ఈగలంటే ఏ డ్రైవరూ రాడు. ఒకసారి ఒకడు ధైర్యం చేసి ఒప్పుకున్నాడు. దారిలో ముక్కు మీద కుట్టించుకుని, బండిని రోడ్డు పక్కన వదిలేసి, కనిపించిన బురదగుంటలో దూకాడు. ఆ కథ డ్రైవర్లందరికీ తెలుసు. చెప్పినవాడల్లా ఒక్కో ఈగను కలుపుకుంటూ పోయాడు కూడా. కాబట్టి అక్క ఈగలకు దిక్కూ మొక్కూ మా బావ లారీ ఒక్కటే.

క్యాబిన్ ఎక్కి చూశాను. ఆయిల్ తగ్గితే వెలగాల్సిన ఎర్ర లైటు ఉన్నచోట నల్ల టేపు ముక్క అంటించి ఉంది.

"ఇదేంటి?"

"అది ఊరికే వెలుగుతూ ఉంటే కళ్ళకు ఇబ్బందిగా ఉంది. అందుకని మూసేశాను."

"ఇంట్లో అక్క అరిస్తే తన నోటికి కూడా టేపు వేస్తావా?"

"అంత ధైర్యమే ఉంటే లారీ ఎందుకు నడుపుతాను, సర్కసులో సింహాల దగ్గర చేరేవాణ్ణి."

ఇంజిన్ పైమూత విప్పాను. లోపల నూనె కనిపించాల్సిన చోట మడ్డి పేరుకుని ఉంది. నల్లగా, చిక్కగా, పూసిన పేడలా. వేలు పెడితే కణుపుదాకా దిగింది.

"బావా, ఆయిల్ ఎప్పుడు మార్చావు?"

"క్రమం తప్పకుండా మారుస్తాను. సగం."

"సగమేంటి?"

"సగం దించి, సగం కొత్తది పోస్తాను. పాతది కొంచెం ఉండాలి కదా, తోడుకు."

నేను సరిగ్గా వినలేదేమో అనుకున్నాను. బావ మాత్రం పసిపిల్లకు చెప్పినట్టు ఓపిగ్గా వివరించాడు. "పాలలో తోడు వేయకపోతే పెరుగవుతుందా? ఇదీ అంతే. కొత్త నూనెకు ఈ ఇంజిన్ గుణం ఏం తెలుసు? పాత నూనె దగ్గరుండి నేర్పాలి. మా నాన్న చెప్పిన మాట ఇది. ఆయన చేతిలో ఈ బండి ఒక్కరోజు మొరాయించలేదు."

నవ్వాలో నెత్తి బాదుకోవాలో తెలియక రెండూ చేశాను. ఇన్నేళ్ళ వృత్తిలో ఆయిల్ మార్చనివాళ్ళను చూశాను, వంటనూనె పోసినవాణ్ణి కూడా చూశాను. ఇంజిన్‌కు తోడు పెట్టినవాణ్ణి చూడటం ఇదే మొదలు.

"సరే, అయిందేదో అయింది," అన్నాడు బావ. "టీకొట్టు దగ్గర ఒకడు చెప్పాడు. డీజిలు కలిపి కాసేపు గట్టిగా తిప్పితే లోపలంతా కడుక్కుపోతుందట. అలా చేసి పంపించెయ్యి. సాయంత్రానికి పెట్టెలు ఎక్కించుకుంటాం."

"కడుక్కుపోయి ఎక్కడికెళ్తుంది బావా? గోడలకు పట్టిన మడ్డి అంతా ఒక్కసారిగా ఊడి, అడుగున నూనె పీల్చుకునే జల్లెడకు అడ్డం పడుతుంది. అప్పుడు పైకి చుక్క కూడా ఎక్కదు. ఇనుముకు ఇనుము రాసుకుని ఇంజిన్ బిగుసుకుపోతుంది. టీకొట్టువాడి చేత టీ పెట్టించుకో, వైద్యం చేయించుకోకు. పాతదంతా దించేసి, నూనె నిలిచే కింది ఛాంబరు విప్పి, చేత్తో గోకాల్సిందే."

"అంతా దించుతావా?"

"లేదు, నీకోసం ఒక గ్లాసు పక్కన పెడతాను, తాగుదువుగాని."

ఈసారి బావ నవ్వలేదు. నేను పానా పట్టుకుని బండి కిందికి దూరబోతుంటే ముందుకొచ్చి అడ్డంగా కూర్చున్నాడు. "సగం ఉంచు," అన్నాడు. కుదరదన్నాను. మళ్ళీ ఉంచమన్నాడు. నా ఓపిక సంగతి చెప్పాను కదా, గట్టిగానే అరిచాను. ఈగలు చచ్చిపోతాయి, అక్క నిన్నూ నన్నూ కలిపి పాతేస్తుంది, నీ తోడూ నువ్వూ గంగలో కలవండి అన్నాను.

బావ నేలచూపులు చూస్తూ చిన్నగా చెప్పాడు. "మా నాన్న తన చేత్తో పోసిన నూనె అందులో ఉంది. నేను ఎప్పుడూ సగమే దించాను. సగంలో సగం, అందులో సగం... ఎంత తగ్గినా చుక్కో అరచుక్కో ఆయనది ఇంకా ఉన్నట్టే కదా. మొత్తం దించితే అదీ పోతుంది."

నాకు మా బావంటే ఎప్పుడూ ఇష్టమే కానీ, ఆ క్షణంలో వచ్చినంత ప్రేమ ఎప్పుడూ రాలేదు. లెక్కలో తప్పు కూడా లేదు. ఆ అరచుక్క నిజంగానే ఉండి ఉంటుంది. కానీ దానితో పాటు ఇంత మడ్డీ ఉంది, అటుపక్క ఆకలితో ఈగలూ ఉన్నాయి. నావల్ల కాదనుకుని అక్కకు ఫోన్ చేశాను.

అక్క స్కూటరు మీద వచ్చింది. వెనక అత్తయ్య, అంటే బావ వాళ్ళమ్మ. ఆవిడ ఒకప్పుడు ఈ లారీలోనే మొగుడి పక్కన కూర్చుని సంతలన్నీ తిరిగింది. ఇప్పుడు మోకాళ్ళ నొప్పులు. అయినా ఎక్కడైనా గొడవ జరుగుతోందంటే మోకాళ్ళు అడ్డురావు.

సంగతంతా విని అక్క నడుం మీద చేతులు పెట్టుకుంది. "అయితే ఈగలకు ఏం చెప్పమంటారు? మీ తాతగారి నూనె కాపాడుకుంటున్నాం, మీరు ఈ ఏటికి పస్తులుండండర్రా అని చెప్పనా? పువ్వు మనకోసం ఆగదండీ."

బావ పాత టైరు మీద కూర్చుని గోళ్ళలో మసి తీసుకుంటున్నాడు. అక్కకు కోపం, కోపం వెనక ఏడుపు.

"ఏవిటీ, తోడా?" అంది అత్తయ్య. "ఇంజిన్‌కి తోడేవిట్రా?"

"నాన్న చెప్పిందే అమ్మా. పాతది సగం ఉంచాలని."

అత్తయ్య ఒక్క క్షణం కొడుకు ముఖంలోకి చూసింది. తర్వాత నవ్వడం మొదలుపెట్టింది. నవ్వి నవ్వి దగ్గొచ్చింది. దగ్గు తగ్గాక మళ్ళీ నవ్వింది. అక్క కంగారుగా మంచినీళ్ళు తెచ్చింది.

"ఓరి నా పిచ్చి తండ్రీ," అంది చివరికి. "డబ్బా మొత్తం కొనే స్థోమత మనకెక్కడేడ్చిందిరా ఆ రోజుల్లో? కొట్టువాడి దగ్గర సగం డబ్బా కొలిపించుకుని తెచ్చేవాడు మీ నాన్న. నువ్వేమో పక్కన నిలబడి, మొత్తం ఎందుకు మార్చవు నాన్నా అని ఒకటే ప్రశ్న. పిల్లవాడి ముందు లేదని చెప్పడానికి ఆయనకి నోరు రాలేదు. నేను అప్పుడే పాలు తోడుపెడుతున్నాను. అది చూసి ఈ కథ అల్లాడు. నువ్వు పడుకున్నాక నాతో చెప్పుకుని ఎంత నవ్వాడని."

"మరి నాకెప్పుడూ చెప్పలేదేం?"

"నువ్వింకా అదే పట్టుకుని ఊరేగుతున్నావని నాకేం తెలుసు? నీ ఇంజిన్ మూత నేనెప్పుడైనా ఎత్తి చూశానా?" నవ్వు ఆగి, పమిట కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "ఒక్కసారైనా ఈ బండికి కడుపునిండా కొత్త నూనె పోయాలని ఉండేదిరా ఆయనకి. ఆ ముచ్చట తీరలేదు."

బావ తల దించుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తున్నాడనుకుని అక్క దగ్గరికి వెళ్ళింది. తల ఎత్తితే నవ్వుతున్నాడు. బుగ్గలు మాత్రం తడిసి ఉన్నాయి.

"ఎంత మోసం చేశావు నాన్నా," అన్నాడు. లేచి నా చేతిలో పానా తీసుకుని తనే బండి కిందికి దూరాడు.

బోల్టు ఊడింది కానీ నూనె రాలేదు. తీగ పెట్టి పొడిస్తే కాస్త కారింది. ఛాంబరు విప్పి కిందికి దించాం. అడుగంతా గడ్డకట్టి ఉంది. పక్కకు వంచినా కదల్లేదు.

అత్తయ్య వంగి చూసి, "తోడు బాగానే అంటుకుందిరా. నేనెప్పుడూ ఇంత గట్టిగా తోడుపెట్టలేదు," అంది.

ఇక చూడాలి మా అవతారాలు. అక్క తేనెపెట్టెల మూతలు పెకలించే ఇనుప పట్టీ తెచ్చుకుని, చీర బొడ్లో దోపి ఛాంబరు ముందు కూర్చుంది. మైనం గోకిన చెయ్యి కదా, మడ్డి పొరలు పొరలుగా లేచింది. "నా ఈగల పెట్టెలు ఇంతకంటే శుభ్రంగా ఉంటాయి" అని సణుగుతూనే ఉంది, కానీ మూలలు కూడా వదల్లేదు. నేను జల్లెడ విప్పాను. కన్నాలన్నీ పూడుకుపోయి రేకులా ఉంది. బేరింగులు చూశాను. అరిగాయి కానీ పని చేస్తాయి. టకటక వినగానే ఆపబట్టి బతికాయి. ఆ మాట చెబితే బావ, "విన్నావా, తెలివుంది నాకు" అని అక్క వైపు చూశాడు. అక్క తన నల్లటి వేలితో ఆయన ముక్కు మీద బొట్టు పెట్టింది. నేను చూడనట్టు జల్లెడను డీజిల్లో ముంచాను.

జల్లెడ కన్నాల్లోంచి వెలుతురు కనిపించేదాకా కడిగాను. కొత్త ప్యాకింగు వేసి ఛాంబరు బిగించాం. ఫిల్టరూ మార్చాం. పెద్ద డబ్బా తెచ్చి, గరాటా పెట్టి, బావ పోయడం మొదలుపెట్టాడు. సగమయ్యేసరికి అలవాటు ప్రకారం డబ్బా దానంతటదే నిటారుగా నిలబడింది.

"ఆపావేం? పొయ్యి," అంది అత్తయ్య.

"నువ్వే పొయ్యమ్మా."

ముక్కాలిపీట మీద ఆవిణ్ణి నిలబెట్టి, బావ డబ్బా బరువు మోస్తుంటే ఆవిడ వంచింది. చివరి చుక్కదాకా వంచింది. నూనె కొలిచే పుల్లను తీసి బావ తల్లికి చూపించాడు. పుల్ల చివర నూనె తేనె రంగులో ఉంది.

"ఈ రంగు మీ నాన్న చూడలేదురా ఈ బండిలో," అంది.

బావ పుల్లను తుడిచి మళ్ళీ ముంచి మళ్ళీ చూపించాడు. తాళం నా చేతిలో ఉంది. స్టార్ట్ చేస్తే కాసేపట్లో ఈ రంగు పోతుందని నాకు తెలుసు, పాత ఇంజిన్ కదా. నా జీవితంలో మొదటిసారి ఎవర్నీ తొందరపెట్టలేదు.

తర్వాత క్యాబిన్లో టేపు పీకేసి తాళం తిప్పాను. ఎర్ర లైటు వెలిగింది. అందరం దాన్నే చూస్తున్నాం. ఇంజిన్ దగ్గి, గొంతు సవరించుకుని, అందుకుంది. లైటు ఆరిపోయింది. అక్క నన్ను వాటేసుకుని నా జుట్టుకు కూడా మసి పూసింది. పొద్దు వాలి ఈగలన్నీ గూళ్ళకు చేరాక పెట్టెలు ఎక్కించారు. మోకాళ్ళ మాట మరిచిపోయి అత్తయ్య కూడా క్యాబిన్ ఎక్కేసింది.

మర్నాడు బావ ఫోన్ చేశాడు. వెనకాల ఈగల రొద, ఎవరి మీదో అక్క అరుపు, రెండూ కలిసి వినిపిస్తున్నాయి.

"డాక్టరమ్మా, పువ్వు మీదికి వెళ్ళిపోయాయి అన్నీ. కానీ నూనె నల్లబడింది."

"నల్లబడాలి బావా. లోపల మిగిలిన మడ్డిని కడుగుతోంది. తిరిగి రాగానే మళ్ళీ మార్చాలి."

"మొత్తమా?"

"మొత్తం."

"సరే, డబ్బా తెచ్చిపెట్టు," అన్నాడు. "అమ్మ అప్పుడే అడుగుతోంది, మళ్ళీ ఎప్పుడు పోయాలిరా అని."